రాజమహేంద్రవరంలో ఏ వేళకు ఏది, ఏ నెలకు ఏది తినాలి

2011 జనాభా లెక్కల ప్రకారం సుమారు 3.4 లక్షల మంది ఉన్న రాజమహేంద్రవరం, ఏ పదార్థమైనా ఏ వేళకైనా దొరికే మహానగరం కాదు. ఇక్కడి వంట గడియారాన్ని, పంచాంగాన్ని, గోదావరి నీటిమట్టాన్ని పట్టి నడుస్తుంది. పొద్దెక్కాక పెసరట్టు కోసం, రాత్రి తొమ్మిదింటికి అరిటాకు భోజనం కోసం, నడివేసవిలో పులస చేప కోసం తిరిగి తిరిగి, ఈ ఊరి రుచుల గురించి అందరూ వట్టి గొప్పలు చెప్పారనుకుంటూ రైలెక్కిన బంధువులను నేను చూశాను. తప్పు ఊరిది కాదు, వాళ్ళు వచ్చిన వేళది. అందుకే ఎక్కడ తినాలన్నది తరువాత చూసుకోవచ్చు. ఎప్పుడు తినాలన్నది ముందు తేల్చుకోవాలి.

ఉదయం ఏడు నుంచి తొమ్మిదిలోపు టిఫిన్ ముగించేలా బయలుదేరండి. పెద్ద హోటళ్ళకంటే వీధి మొగలో నాలుగు బల్లలున్న టిఫిన్ సెంటర్లలోనే పెసరట్టు బాగుంటుందని నా అనుభవం. దానికి కారణం ఉంది. మినప్పిండిలా పెసరపిండి పులియనక్కరలేదు, పులిస్తే రుచి చెడుతుంది కూడా. నానిన పొట్టుపెసలను అల్లం, పచ్చిమిర్చితో ఆ పూటకు ఆ పూట రుబ్బి, అయిపోగానే పొయ్యి కట్టేసే చోట ఆ ఇబ్బంది రాదు. పెనం దగ్గరగా నిలబడి చూడండి. నీళ్ళు చిలకరించి, సగానికి కోసిన ఉల్లిపాయతో పెనాన్ని రుద్ది, గరిటెడు పిండి పలచగా తిప్పి, పైన ఉల్లితరుగు, జీలకర్ర, సన్నని అల్లం ముక్కలు చల్లి, అంచులు తమంతట తాము లేచేదాకా అట్టును కదపని మనిషి చేతి పెసరట్టును నమ్మవచ్చు. ఉప్మా పెట్టించుకుంటే అట్టు త్వరగా మెత్తబడుతుంది కాబట్టి, పళ్ళెం చేతికి రాగానే తినాలి. తొలి ముక్కను అల్లం పచ్చడితో తిని, ఆ తరువాతే కొబ్బరి చట్నీ జోలికి వెళ్ళండి.

మినపరొట్టె దొరికే చోటికి వెళితే మాత్రం కూర్చోగానే ముందు దానిని చెప్పాలి. దిబ్బరొట్టె అని కూడా పిలిచే ఆ రొట్టె అంగుళం మందాన, మూత కింద, సన్నని సెగ మీద కాలాలి. తొందరపెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. గోదావరి జిల్లాల పాతతరం వారు దానిని చెరకు పానకంతో తింటారు. ఆ జోడీ దొరికితే వదలకండి.

మధ్యాహ్న భోజనానికి పన్నెండున్నర మంచి వేళ. రెండు దాటితే కూరలు ఒక్కొక్కటే నిండుకుంటాయి, మిగిలినవి చల్లారిపోతాయి. శాకాహార మెస్సుల్లో వడ్డనకు ఒక క్రమం ఉంటుంది: ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ ముందు వస్తాయి, ఆపైన కూర, పచ్చడి, పులుసు, చారు, చివరకు గడ్డపెరుగు. కొత్తవారు చేసే పొరపాటు పప్పన్నంతోనే కడుపు నింపుకోవడం. అన్నం కొంచెం కొంచెంగా మారు వడ్డించుకుంటూ వెళితే, పులుసు దగ్గరికి వచ్చేసరికి ఇంకా ఆకలి ఉంటుంది. చాలనుకున్నప్పుడు గరిటె వంగకముందే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాలి. వడ్డించిన తరువాత వద్దంటే అది పారేయడమే అవుతుంది.

వడ్డించే వారితో రెండు మాటలు మాట్లాడటం చాలా అవసరం. గోడ మీది బోర్డులో ఉండని వంటలు వారి నోట ఉంటాయి. "ఈవేళ ప్రత్యేకం ఏముందండీ?" అని అడిగితే, "కంద బచ్చలి ఉందండీ, వెయ్యమంటారా?" అన్న జవాబు రావచ్చు. మెత్తగా ఉడికిన కందలో బచ్చలాకు కలిపి, చింతపండు పులుపు తగిలించి, దించాక ఆవ పెట్టిన ఆ కూరను పెళ్ళి భోజనాల్లో తప్ప తినని పట్నవాసులు ఎందరో ఉన్నారు. పనసపొట్టు కూర సంగతీ అంతే. లేత పనసకాయను కత్తితో సన్నగా కొట్టి పొట్టు తీయడమే పెద్ద పని. చలి తగ్గి ఎండలు ముదిరే నెలల్లో లేతకాయ బాగా వస్తుంది కాబట్టి, అప్పుడు అడిగితే దొరికే అవకాశం ఎక్కువ. ఆవ ఘాటు ముక్కుకు తగలకపోతే ఆ కూర సగమే వండినట్టని ఇక్కడి వారి లెక్క, నా లెక్క కూడా.

ఇక పులస. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అన్న సామెత విని వచ్చేవారు ముందుగా దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలి. సముద్రంలో ఉన్నంతకాలం అది ఇలస. వానాకాలంలో గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు గుడ్లు పెట్టడానికి ప్రవాహానికి ఎదురీదుతూ నదిలోకి వస్తుంది. ఆ మంచినీటి ఈతలోనే దాని రుచి మారి పులస అవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దాకా వచ్చే ఈ చేపకు జూలై నుంచి సెప్టెంబరు వరకే కాలం, అదీ నీరు బాగా వచ్చిన ఏటనే. ధర కిలో వేల రూపాయల్లో ఉంటుంది. అందువల్లే ఒడిశా, బెంగాల్ తీరాల నుంచి మంచుపెట్టెల్లో వచ్చిన ఇలసను పులసగా అమ్మడం మామూలైంది. ఒక ఏడు మార్చి నెలలో మా ఇంటికి వచ్చిన అతిథులను ఒక హోటలుకు తీసుకువెళ్ళి, పులస పులుసు అని పెట్టినదానికి అడిగినంతా ఇచ్చి వచ్చాను. మార్చిలో పులస ఎక్కడిదని ఇంటికి వచ్చాక మా పెద్దమ్మ అడిగేదాకా ఆ ఆలోచనే నాకు రాలేదు. అతిథులకు అబద్ధపు రుచిని చూపించానన్న బాధ ఇప్పటికీ ఉంది.

కాబట్టి కాలం కాని కాలంలో పులస ఉందన్న చోట ఆగకండి. కాలంలో వచ్చినా అప్పటికప్పుడు వెళ్ళి అడగవద్దు. ముందురోజే ఫోను చేసి, చేప వచ్చిందా, ఏ రేవు నుంచి వచ్చింది, ముక్క లెక్కన ఎంత అని స్పష్టంగా మాట్లాడుకోండి. రంగు చూసి పోల్చడం కొత్తవారికి సాధ్యం కాదు, స్థానికులను వెంట తీసుకువెళ్ళడమే మేలు. పులుసును మట్టి దాకలో సన్నని మంట మీద బెండకాయలు, పచ్చిమిర్చి వేసి నిదానంగా మరగనిస్తారు. వండిన మరునాటికి ముక్కకు పులుపు పట్టి రుచి పెరుగుతుంది గనుక "నిన్నటిది" అంటే చిన్నబుచ్చుకోకండి. ముళ్ళు వెంట్రుకల్లా సన్నగా, లెక్కలేనన్ని ఉంటాయి. వేళ్ళతో విడదీసుకుంటూ నెమ్మదిగా తినాలి, పిల్లలకు ముల్లు తీసి పెట్టాలి. అంత ఖర్చు పెట్టలేనివారు బొమ్మిడాయిల పులుసో కొర్రమీనో అడిగితే ఏ లోటూ ఉండదు.

హోటళ్ళ బయట ఈ ఊరి అసలైన ఆహారోత్సవాలు బంతి భోజనాలే. వినాయక చవితి పందిళ్ళ దగ్గర, దసరా నవరాత్రుల్లో అన్నసమారాధనలు జరుగుతాయి. కార్తికంలో ఉసిరిచెట్టు నీడన వనసమారాధనలు ఉంటాయి. పందిళ్ళ సమారాధనలకు పిలుపు అవసరం లేదు. వనసమారాధనలు మాత్రం ఎక్కువగా సంఘాలవారో, కార్యాలయాలవారో, కుటుంబాలవారో చేసుకునేవి కాబట్టి పిలిచినవారి వెంటే వెళ్ళాలి. ఒక బంతి లేచేదాకా ఓపికగా నిలబడాలి, తమ విస్తరి ఖాళీ అయినా పక్కవారు ముగించేదాకా కూర్చోవాలి, లేచేముందు చందా పళ్ళెంలో తోచినంత వేయాలి. ఆవపెట్టిన పులిహోర, గుమ్మడికాయ దప్పళం అంతటి కాగుల్లో ఉడికినప్పుడు వచ్చే రుచి ఇంటి గిన్నెలో రాదు. కార్తిక సోమవారాల్లో మాంసాహారం ముట్టనివారు ఎక్కువ కాబట్టి ఆ రోజుల్లో శాకాహార భోజనానికే సిద్ధపడి వెళ్ళడం మంచిది. 2027లో వచ్చే గోదావరి పుష్కరాల సమయంలో రావాలనుకునేవారు రద్దీని లెక్కలో పెట్టుకోవాలి: 2015 పుష్కరాలప్పుడు ఘాట్ల దగ్గర అన్నదానాలకు లోటు లేదు గానీ, మామూలు హోటలులో కుర్చీ దొరకడమే గగనమైంది.

సాయంత్రాలు తేలిక. ఎండాకాలమైతే కోటగుమ్మం వైపు వెళ్ళి చల్లని రోజ్‌మిల్క్ తాగండి, చలికాలమైతే గోదావరి గట్టున తేగలు కొనుక్కోండి. తేగను నిలువునా చీల్చి, మధ్యనుండే, చందమామ అని పిలిచే తెల్లని మొలకను ముందు తినడం ఇక్కడి పిల్లలందరికీ తెలుసు.

ఒక పూట మిగిలితే ధవళేశ్వరం బ్యారేజీ దాటి ఆత్రేయపురం వెళ్ళండి. అక్కడి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొద్దున్నే వెళితే రేకు తీయడం చూడవచ్చు: బోర్లించిన కుండ కింద మంట, పలచని బియ్యప్పిండి నీటిలో ముంచిన గుడ్డ, కుండ మీద ఒక్క లాగు, కన్ను మూసి తెరిచేలోగా కాగితంకంటే పలచని రేకు. పంచదారవి, బెల్లంవి రెండూ ఉంటాయి. నెయ్యి వాసన చూసి, బెల్లంవి తీసుకోండి. తిరుగు ప్రయాణంలో పెట్టెను బరువు సామాను కింద పెట్టక, ఒళ్ళోనే ఉంచుకోండి; ఒక్కసారి నలిగితే ఇంటికి చేరేది తియ్యటి పొడి మాత్రమే.