ఇంట్లో వచ్చిన అంటువ్యాధి గురించి ఒక పేజీ రాయడం ఎలా

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. ఆ సంతోషంలో ఆయన ఒక పద్యం రాసుకున్నాడు, 1902లో నోబెల్ బహుమతి కూడా అందుకున్నాడు. ఆ దోమలు కుట్టింది మాత్రం హుసేన్ ఖాన్ అనే జ్వరరోగిని. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టింది. వైద్యుడి పద్యాన్ని ఇప్పటికీ చదువుతున్నాం కానీ, చలిజ్వరంతో వణికిన ఆ మనిషి మాట మనకు వినిపించదు. రోగం అనుభవించినవారు, రోగి పక్కన కూర్చున్నవారు తమ పేజీని తామే రాసుకోవాలన్న కోరికతో ఈ వ్యాసం రాస్తున్నాను.

మొత్తం కథ చెప్పాలన్న తొందరను ముందుగా పక్కన పెట్టండి. ఒక వస్తువుతో మొదలుపెట్టండి. నాకు ఊపిరితిత్తుల క్షయ వచ్చిన ఏడాది, మిగతా గ్లాసుల్లో కలిసిపోకుండా అమ్మ నా స్టీలు గ్లాసు అడుగున ఒక అడ్డగీత గీసింది. ఆరు నెలల చికిత్స గురించి పది పేజీలు రాసి చించేశాక, ఆ గీత గురించి రాసిన నాలుగు వాక్యాలే నిలిచాయి. మీ ఇంట్లో అది జ్వరం చూసే థర్మామీటరు కావచ్చు, తడిగుడ్డ నానేసిన గిన్నె కావచ్చు, తలుపు అవతల పెట్టి వెళ్లిన భోజనం పళ్లెం కావచ్చు.

ఆ తరువాత ఆధారాలు సేకరించండి. మందుల చీటీలు, కఫం పరీక్ష కాగితాలు, ఖాళీ అయిన మాత్రల అట్టలు దొరికితే ముందర పెట్టుకుని తేదీలు రాసుకోండి. ఎందుకంటే జ్ఞాపకం రోజులను కలిపేస్తుంది, కాగితం కలపదు. శరీరానికి ఏం జరిగిందో ఉన్నదున్నట్టుగా రాయండి. మాత్రలు మొదలుపెట్టిన రోజున నా మూత్రం ఎర్రటి నారింజ రంగులోకి మారితే, అది నెత్తురేననుకుని రాత్రంతా నిద్రపోలేదు. ఆ మాత్రల్లో ఉన్న రిఫాంపిసిన్ అనే క్షయ మందు వల్ల అలా అవుతుందని, ప్రమాదం లేదని మరునాడు తెలిసింది. ముందుగా ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే ఆ రాత్రి అలా గడిచేది కాదు. ‘చాలా భయపడ్డాను’ అన్న వాక్యం చేయలేని పనిని ఆ రంగు చేస్తుంది.

ఇక మాటల దగ్గర తొందరపడకండి, ఎందుకంటే మన భాషలో రోగాల పేర్లలోనే సగం కథ ఉంది. తట్టు, గవదబిళ్లలు, కోరింత దగ్గు, ఆటలమ్మ అన్న పేర్లను వైద్య పదాలతో కొట్టివేస్తే ఆ పేర్లతో పాటు ఒక ఇల్లు కూడా పోతుంది. ‘అమ్మవారు పోసింది’ అని నాయనమ్మ అన్నదంటే ఆ వాక్యాన్ని అలాగే ఉంచండి. గుమ్మానికి వేపమండలు కట్టడం, వంటలో తాళింపు వేయకపోవడం, వేపాకు పసుపు నీళ్లతో తలకు పోసేదాకా ఇంటిల్లిపాదీ గొంతు తగ్గించి మాట్లాడుకోవడం అన్నీ ఆ వాక్యంలోనే ఉన్నాయి. మశూచి ప్రపంచం నుంచే తొలగిపోయిందని 1980లో ప్రకటించారు, అయినా దాని చుట్టూ పుట్టిన మాటలు మన నోట బతికే ఉన్నాయి. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాలను 1813 నాటి మహమ్మారి మొక్కుగా చెప్పుకుంటారు. భయాన్ని ఒక ఊరు మొత్తం కలిసి మోసిన తీరు అది. దాన్ని మూఢనమ్మకమని ఒక్క మాటతో తోసేయడం రచనకు న్యాయం కాదని నా అభిప్రాయం.

అయితే నమ్మకాన్ని గౌరవించడం వేరు, తప్పును నిజమని రాయడం వేరు. క్షయకు కారణమైన సూక్ష్మజీవిని 1882లోనే రాబర్ట్ కాక్ వెల్లడించాడు. అది గాలి ద్వారా సోకుతుంది, కలిసి వాడిన గ్లాసు వల్ల సోకదు, రక్తసంబంధం వల్ల వంశంలో దిగదు. 1950ల చివర మద్రాసులో జరిగిన అధ్యయనంలో, ఇంట్లోనే ఉండి మందులు వాడిన రోగుల కుటుంబాలకు శానటోరియంలో, అంటే క్షయ రోగుల ఆసుపత్రిలో చేరినవారి కుటుంబాల కంటే ఎక్కువ ముప్పు కలగలేదని తేలింది. అంటే మా అమ్మ గీసిన గీత అవసరం లేనిది. ఈ సంగతి నా పేజీలో ఉండాలి, కానీ అమ్మను తప్పుపట్టే గొంతుతో ఉండకూడదు. చిన్న తమ్ముడున్న ఇంట్లో ఆమెకు తెలిసిన జాగ్రత్త అదొక్కటే. ఈ రెండింటినీ ఒకే పేరాలో నిలబెట్టడమే ఈ పనిలో కష్టమైన భాగం, ఎక్కువ సమయం దానికే కేటాయించండి.

‘క్షయపై పోరాడి గెలిచాను’ వంటి వాక్యాలు వస్తే ఆగండి. అదే వార్డులో ఉండి ఇంటికి తిరిగి రాని మనిషి సరిగా పోరాడలేదా? మందు పనిచేసింది, నెలల తరబడి మాత్రలు మింగాను, ఆకలి తిరిగి వచ్చింది అని రాస్తే చాలు.

ఇతరుల రోగం గురించి రాసేటప్పుడు అనుమతి తప్పనిసరి. ఒకరి హెచ్ఐవీ స్థితిని వారి సమ్మతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 నాటి చట్టం నిషేధిస్తుంది. చట్టం సంగతి అలా ఉంచినా, ఒకప్పుడు క్షయ వచ్చి తగ్గిందన్న మాటతోనే ఆడపిల్లల పెళ్లి సంబంధాలు తప్పిపోతున్న చోట, పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. ఊరు, వీధి, వృత్తి కూడా గుర్తుపట్టకుండా ఉండాలి.

ఉత్తరంగా రాసినా, వచన కవితగా రాసినా, దినచర్యగా రాసినా ఫరవాలేదు. పూర్తయ్యాక మాత్రం, ఇంకెవరికీ చూపకముందే, ఆ పేజీలో ఉన్నవారికి పైకి చదివి వినిపించండి. నేను అమ్మకు చదివినప్పుడు ఆమె ఒక వాక్యం దగ్గర ఆపించింది. గీత గీసింది నేను రాసినట్టు మేకుతో కాదని, కత్తిపీట మొనతోనని, అదీ నేను చూస్తే బాధపడతానని అందరూ నిద్రపోయాక గీసానని చెప్పింది. నేను ఆ వాక్యం మార్చాను.