కిట్ విమానం కొనాలనుకునేవారు ప్రదర్శనలో ఏం చూడాలి, ఏం అడగాలి

విమాన ప్రదర్శనలో కిట్ విమానం, అంటే భాగాలు పెట్టెల్లో వస్తే ఇంట్లో మనమే జోడించి కట్టుకునే విమానం, దగ్గరికి వెళ్లినప్పుడు కంటికి ముందుగా ఆనేది ధర రాసిన బోర్డు. ఆ అంకెను నమ్ముకుని ఇంటికి తిరిగి వచ్చాక ఎదురయ్యే లెక్కల్లో చాలావాటిని ఆ విమానం పక్కనే నిలబడి అడిగి తేల్చుకోవచ్చు. అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాల నుంచి ఈ ఆశతో బయలుదేరేవారు ఏం చూడాలో, ఏం అడగాలో నాకు తెలిసినంతవరకు ఇక్కడ చెబుతాను.

ఇంట్లో కట్టుకునే విమానాలు ఒకేచోట ఎక్కువగా కనిపించేది అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, ఆష్‌కాష్ అనే ఊరిలో ఏటా జులై చివర్లో జరిగే ఎయిర్‌వెంచర్ ప్రదర్శనలో. 1953లో పాల్ పొబరెజ్నీ ప్రారంభించిన ఈఏఏ (ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్) అనే సంఘం దీనిని నిర్వహిస్తుంది. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిన మన సీమ తల్లిదండ్రులు, అక్కడే ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లు ఆ వారాన్ని దీనికోసం కేటాయించుకుంటే వృథా కాదు. అక్కడ 2014లో జెనిత్ సంస్థ విమానాన్ని, 2018లో వ్యాన్స్ సంస్థ ఆర్‌వీ-12 విమానాన్ని చూడవచ్చిన జనం చేత రివెట్లు (రేకులను కలిపి బిగించే మేకుల్లాంటివి) వేయిస్తూ ఒక్క వారంలో కట్టి చూపించారు. అది చూసి, మనకూ వారం చాలునని అనుకోకూడదు. ఆ పని వెనుక ఆరితేరిన నిపుణులు, ముందుగా వరుస ప్రకారం సిద్ధం చేసి పెట్టిన భాగాలు, లెక్కకు మించిన చేతులు ఉన్నాయి.

మొదట తేల్చుకోవలసింది విమానం దేనితో తయారైందన్నది. అల్యూమినియం రేకుతో చేసినవి, ఉక్కు గొట్టాల చట్రం మీద పాలియెస్టర్ గుడ్డ బిగించినవి, ఫైబర్ గ్లాసు, ఎపాక్సీ అనే గట్టిపడే జిగురుతో (రెసిన్‌తో) పోతపోసినట్లు ఉండేవి అని ప్రధానంగా మూడు రకాలు. మొదటిసారి కట్టేవారికి, అందులోనూ మన ప్రాంతం వారికి, నేను రేకు విమానాన్నే సూచిస్తాను. ఎపాక్సీ కలిపాక గట్టిపడే సమయం ఎండాకాలంలో బాగా తగ్గిపోతుంది, కాబట్టి మే నెలలో కడపలో ఆ పని చేయడానికి చల్లని గది తప్పనిసరి. పైగా ఎండకు వేడెక్కితే రెసిన్ మెత్తబడుతుందనే ఆ రకం విమానాలకు ఎక్కువగా తెల్లరంగు వేస్తారు. గుడ్డ విమానం తేలికగానే ఉంటుంది కానీ, గుడ్డను ఇస్త్రీపెట్టెతో కొలిచిన వేడి దగ్గర ముడుచుకునేలా చేయడం చేయి తిరిగినవారి దగ్గర నేర్చుకోవలసిన పని.

రేకు విమానం దగ్గర తొందరపడకుండా రివెట్ల వరుసను చూడండి. అనుమతి అడిగి, రెక్క మీద వేలిని మెల్లగా జరిపితే, రివెట్ తల రేకుకు పూర్తిగా ఆనుకుందా, చుట్టూ రేకు లోపలికి నొక్కుకుపోయిందా అన్నది కంటికన్నా ముందు వేలికే తెలుస్తుంది. రంధ్రం మధ్య నుంచి రేకు అంచు వరకు కనీసం రివెట్ వ్యాసానికి రెండు రెట్లు చోటు ఉండాలన్నది ఈ పనిలో మొదటి పాఠం. మా షెడ్డులో సాధన చేసేటప్పుడు నేను డ్రిల్లును కొంచెం వాలుగా పట్టుకున్నందుకు ఒక రంధ్రం అంచు వైపు జరిగింది. రెండు మిల్లీమీటర్ల తేడాయే అయినా, మూడు రోజులు శ్రమపడి వంచిన ఆ రేకును పక్కన పడేయవలసి వచ్చింది. ఇప్పటి మంచి కిట్లలో రంధ్రాలు ఫ్యాక్టరీలోనే కచ్చితంగా వేసి వస్తాయి. రెండు రేకులను ఒకదాని మీద ఒకటి పెడితే రంధ్రాలు వాటంతటవే కలుస్తాయి. వాటిని రివెట్ వేసేదాకా కదలకుండా పట్టి ఉంచే క్లెకో అనే చిన్న బిగింపులు కూడా అక్కడ కనిపిస్తాయి: అంగుళంలో 3/32 వంతు రంధ్రానికి వెండి రంగు, 1/8 వంతుకు రాగి రంగు, 5/32 వంతుకు నలుపు. రంధ్రాలు ఏ మేరకు వేసి ఇస్తారు, రివెట్లు ఒక వైపు నుంచి లాగి బిగించేవా లేక వెనుక దిమ్మె పెట్టి కొట్టేవా అన్న రెండు ప్రశ్నలు తప్పక అడగండి. లాగి బిగించే రకమైతే ఒక్కరే చేసుకోవచ్చు. కొట్టే రకానికి చాలాచోట్ల రెండో మనిషి కావాలి.

ఇక ధర విషయం. బోర్డు మీద రాసేది సాధారణంగా రెక్కలు, తోకతో కూడిన విమానం చట్రానికి మాత్రమే. ఇంజిన్, ప్రొపెల్లర్, మీటర్లు, రేడియో, రంగు, పనిముట్లు, పెట్టెల రవాణా, దిగుమతి సుంకం అన్నీ దాని మీద పడతాయి. ఇల్లు కట్టినవారికి గోడల ఖర్చుకూ గృహప్రవేశం నాటి ఖర్చుకూ ఉన్న తేడా తెలుసు కదా, ఇదీ అంతే. కేరళకు చెందిన అశోక్ తామరాక్షన్ బ్రిటన్‌లో నాలుగు సీట్ల స్లింగ్ విమానాన్ని కట్టి కుటుంబంతో ప్రయాణించినట్లు 2022లో పత్రికల్లో వచ్చింది. ఆయనకు సుమారు 1,40,000 పౌండ్లు ఖర్చయింది. రెండు సీట్ల సాదా రేకు విమానానికి అంత కాదు. అయినా కిట్ ధర ఒక్కటే చూసి అప్పు చేయడం మాత్రం ప్రమాదకరం.

సంస్థ గట్టిదనాన్ని కూడా అక్కడే ఆరా తీయాలి. 1970లలో జిమ్ బీడీ రూపొందించిన బీడీ-5 కోసం వేలాది మంది డబ్బు కట్టారు, కానీ దానికి తగిన ఇంజిన్ అందకపోవడంతో సంస్థ దివాలా తీసింది. పదకొండు వేలకు పైగా విమానాలు ఎగిరిన వ్యాన్స్ సంస్థ సైతం 2023 డిసెంబరులో దివాలా రక్షణ కోరవలసి వచ్చింది, ఆ తర్వాతి సంవత్సరం దాని నుంచి బయటపడింది. కాబట్టి గోదాములో సిద్ధంగా ఉన్న భాగాలకు మాత్రమే డబ్బు కట్టండి. మొదట తోక, తర్వాత రెక్కలు, ఆపైన శరీరం అని విడివిడిగా అమ్మే సంస్థ అయితే మీ డబ్బు ఒక్కసారిగా ఇరుక్కోదు.

ఇంజిన్ దగ్గర మన ఎండను తలచుకోవాలి. అనంతపురం సముద్రమట్టానికి సుమారు 1,100 అడుగుల ఎత్తున ఉంది. 42 డిగ్రీల ఎండలో అక్కడి గాలి పలచబడి, విమానానికి దాదాపు 4,600 అడుగుల ఎత్తున ఉన్నట్లే అనిపిస్తుంది. రెక్కకు ఎత్తే బలం తగ్గుతుంది, ఇంజిన్‌కు శక్తి తగ్గుతుంది, నేలను వదలడానికి దూరం ఎక్కువ పడుతుంది. చల్లని విస్కాన్సిన్ ఉదయాన ఇద్దరితో తేలిగ్గా లేచిన విమానం మన దగ్గర మే మధ్యాహ్నం అలా లేవదు. అందుకే ఆ ఎత్తుకు, ఆ వేడికి టేకాఫ్ దూరం ఎంతో పట్టికలో చూపించమని అడగండి. 80, 100 హార్స్ పవర్ రోటాక్స్ 912 ఇంజిన్లు ఈ తరగతిలో ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. వాటికి పది శాతం వరకు ఇథనాల్ కలిసిన పెట్రోలునే తయారీదారు అంగీకరిస్తారు, మన బంకుల్లో ఇప్పుడు దొరికేది ఇరవై శాతం కలిసినది. ఇంధనం ఎక్కడ నుంచి తెస్తారన్నది కూడా విమానం కొనేముందే తేలాలి.

పని గంటల విషయంలో కరపత్రాన్ని కాక, కట్టినవారిని నమ్మండి. వెయ్యి గంటల పనిని వారానికి పది గంటల చొప్పున చేస్తే రెండేళ్లు పడుతుంది. రెక్కల పొడవు ముప్పై అడుగుల దరిదాపుల్లో ఉంటుంది కనుక, కిట్‌ఫాక్స్ లాగా రెక్కలు మడిచే విమానమైతే మామూలు షెడ్డులో ఒదుగుతుంది.

అమెరికాలోనే కట్టి అక్కడే ఎగరాలనుకునేవారికి దారి స్పష్టంగానే ఉంది: సగానికి మించిన పని ఔత్సాహికులే చేయాలి, అలా చేసినవారు తమ విమానం వార్షిక తనిఖీని తామే చేసుకునే ధ్రువపత్రం పొందవచ్చు. మన దేశంలో మాత్రం అన్నిటికన్నా ముందు పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏకు రాయాలి. ముంబయిలో మేడ మీద సొంత నమూనాతో విమానం కట్టిన పైలట్ అమోల్ యాదవ్ దానిని 2016లో ప్రదర్శనకు పెట్టారు. రిజిస్ట్రేషన్ 2017లో, ఎగిరే అనుమతి 2019లో దక్కాయి. ఓర్వకల్లులో 2021లో ప్రారంభమైన విమానాశ్రయానికి రెండు వేల మీటర్ల రన్‌వే ఉంది, కడపలోను, పుట్టపర్తిలోను రన్‌వేలు ఉన్నాయి; అయినా రాతపూర్వకమైన అనుమతి లేకుండా వాటిని మీ లెక్కలో చేర్చుకోకండి.

ఇవన్నీ విన్నాక కూడా మనసు వెనక్కి తగ్గకపోతే, ప్రదర్శన నుంచి విమానం మొత్తానికి కాకుండా తోకలోని రడ్డర్ (విమానం ముక్కును కుడి ఎడమలకు తిప్పే పలక) భాగానికి మాత్రమే ఆర్డర్ పెట్టి రండి. జెనిత్ సంస్థ మిస్సోరిలోని తన ఫ్యాక్టరీలో రెండు రోజుల శిక్షణలో దానిని మీ చేతనే కట్టిస్తుంది. అది పూర్తయ్యాక గోడకు ఆనించి, వెలుతురులో రివెట్ల వరుసను తాడు పట్టి కొలిచినట్లు తిన్నగా వచ్చిందో లేదో చూసుకోండి. వంకర కనిపిస్తే ఆ రడ్డర్‌నే మరోసారి కట్టండి, రెక్కల డబ్బు అప్పటిదాకా బ్యాంకులోనే ఉండనివ్వండి.