కంప్యూటర్లో ఉన్న సరుకు అరలో ఎందుకు ఉండదు? ఆసుపత్రి స్టోరు చిక్కులు, వాటికి విరుగుడు

కోనసీమలో ఓ మోస్తరు ప్రైవేటు ఆసుపత్రిలో మందుల స్టోరు చూసుకుంటాను. చుట్టుపక్కల ఊళ్లలో ఇదే పని చేసేవాళ్లు ఎవరో ఒకరు ఫోన్ చేసి ఏదో చిక్కు చెబుతుంటారు. చాలావరకు అవే చిక్కులు, అందుకే ప్రతిసారీ నోటితో చెప్పే బదులు ఇక్కడ రాసి పెడుతున్నాను. ముందే ఒక మాట: సాఫ్ట్‌వేర్ మారిస్తే ఇవి పోవు. మేమూ పోతాయనుకుని మార్చాం, పాత చెత్తనంతా జాగ్రత్తగా కొత్తదాంట్లోకి ఎక్కించుకున్నాం.

కంప్యూటర్లో సున్నా, అరలో రెండు పెట్టెలు

అన్నిటికన్నా పెద్ద రోగం ఇదే. రాత్రి రెండింటికి వార్డు నుంచి సిస్టర్ గారు "పింక్ క్యాన్యులాలు అయిపోయాయండీ" అని ఫోన్ చేస్తారు. క్యాన్యులా అంటే సెలైన్ ఎక్కించడానికి నరంలోకి గుచ్చే సన్న గొట్టం. లిస్టులో చూస్తే సున్నా, ఆదరాబాదరాగా ఎక్కడి నుంచో ఎక్కువ రేటుకి తెప్పిస్తాం. వారం పోయాక దుమ్ము దులుపుతుంటే అవే క్యాన్యులాలు పై అరలో కనబడతాయి.

కారణం దొంగతనం కాదు, పేర్లు. సిస్టర్లు రంగుతో పిలుస్తారు: గులాబీ అంటే 20 గేజ్, ఆకుపచ్చ 18, నీలం 22, పసుపు 24. డాక్టర్లు గేజ్, అంటే గొట్టం లావు చెప్పే అంకె, చెబుతారు. డిస్ట్రిబ్యూటర్ బిల్లులో కంపెనీ పెట్టిన పేరుంటుంది. బిల్లు ఎంట్రీ కొట్టే కుర్రాడు ఆ రోజు తనకి ఏది తోస్తే అది కొడతాడు. మా లిస్టులో ఆ ఒక్క క్యాన్యులాకే ఐదు పేర్లు తేలాయి, ఐదింటికీ వేరు వేరు స్టాకు. ఎవరి పేరూ తప్పు కాదు, అదే గొడవ.

ఈ సంగతి మన రైతుకి ఎప్పుడో తెలుసు. మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన వరిని ఒకరు కాటన్ దొర సన్నాలు అంటారు, ఇంకొకరు "పది పది" అంటారు, కానీ ఎంటీయూ 1010 అని సంచి మీద నంబరు చూస్తే ఇక వాదన ఉండదు. స్వర్ణ అయినా అంతే, 7029. ఊరికో పేరున్నా నంబరు ఒక్కటే. మన సరుక్కీ అలాంటి నంబరు పెట్టె మీద అచ్చయ్యే వస్తోంది, మనమే చూడట్లేదు. దాన్ని జీటిన్ అంటారు, 14 అంకెలు. మామూలు బార్‌కోడ్ కింద కనబడే 13 అంకెలకి ముందు ఒక సున్నా చేరిస్తే అదే జీటిన్. 890తో మొదలైతే ఆ కంపెనీ, మన దేశంలో ఈ నంబర్లు ఇచ్చే జీఎస్1 ఇండియా అనే సంస్థ దగ్గర నంబరు తీసుకుందని అర్థం, అంతేగానీ సరుకు ఇక్కడే తయారైందని కాదు. ఈ పొరపాటు చదువుకున్నవాళ్లూ చేస్తారు.

బాగుచేయడం ఎలాగంటే, లిస్టు మొత్తం బయటికి తీసి, కంపెనీ పేరుతో కాకుండా అసలు వస్తువు పేరుతో వరస పెట్టండి. తరవాత కుర్చీలో కూర్చుని చేయకండి, అర దగ్గరికి వెళ్లి పెట్టె చేత్తో పట్టుకుని స్కాన్ చేసి, ఆ నంబరు ఉన్న పేర్లన్నిటినీ ఒక్కదాంట్లోకి కలపండి. మాకు దసరా ముందు మొదలుపెడితే సంక్రాంతి దాటింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. రెండు కంపెనీల 20 గేజ్ క్యాన్యులాలకి రెండు జీటిన్‌లు ఉంటాయి, కాబట్టి రేట్లు పోల్చాలన్నా, ఒకటి లేనప్పుడు ఇంకోటి ఇవ్వాలన్నా, రెండిటి పైనా ఒక ఉమ్మడి పేరు కావాలి. ఆ పేరు ఎప్పుడూ ఒకే వరసలో రాయండి: వస్తువు, సైజు లేదా డోసు, రూపం. "క్యాన్యులా, 20 గేజ్, పోర్టు ఉన్నది." కొత్త పేరు చేర్చే పాస్‌వర్డ్ ఒక్కరి దగ్గరే ఉండాలి. దీనికి గొడవలవుతాయి, అవనివ్వండి.

లోకల్‌గా కొనే కట్టు కట్టే గాజ్ గుడ్డ, దూది లాంటివాటి మీద నంబరేమీ ఉండదు. వాటికి సొంత కోడ్ పెట్టుకోండి, కాకపోతే 890తో మొదలుపెట్టకండి. ఇలాంటి పరిమిత వాడకానికని 200 నుంచి 299 దాకా మొదటి అంకెలు విడిగా వదిలారు, అవి ఉన్నాయి కదా.

హెచ్ఎస్ఎన్ కోడ్‌నే వస్తువు కోడ్‌గా వాడుతున్న స్టోరు కూడా చూశాను. అది పన్ను కోసం. 3004 అంటే పారాసెటమాలూ అదే, యాంటీబయాటిక్కూ అదే. దాని గురించి ఇంతకన్నా రాయను.

ఇన్సులిన్ సిరంజి అడిగితే ఏదో ఒకటి వచ్చింది

పైది డబ్బు నష్టం, ఇది ప్రాణం మీదికి తెచ్చేది. మన దగ్గర వయల్‌లో, అంటే చిన్న సీసాలో, దొరికే ఇన్సులిన్ ఎక్కువగా ఎంఎల్‌కి 40 యూనిట్లది, ఇన్సులిన్ పెన్నుల్లో వాడే కార్ట్రిడ్జ్‌లు 100 యూనిట్లవి. సిరంజిలూ రెండు రకాలు, సాధారణంగా 40ది ఎర్ర మూత, 100ది నారింజ మూత. ఎర్రకీ నారింజకీ రాత్రి ట్యూబ్‌లైటు కింద ఎంత తేడా ఉంటుందో మీకు తెలుసు. లిస్టులో ఉత్తి "ఇన్సులిన్ సిరంజి" అని ఉంటే, ఆర్డరు పెట్టేవాడు చవకది చూసి పెడతాడు. 40 ఇన్సులిన్‌ని 100 సిరంజిలో 10 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 4 యూనిట్లే, షుగరు ఎందుకు దిగట్లేదని డోసు పెంచుతూ పోతారు. అదే 100 ఇన్సులిన్‌ని 40 సిరంజిలో 10 గీత దాకా లాగితే 25 వెళుతుంది, ఆ మనిషి పడిపోతాడు.

కాబట్టి ఇలాంటి వాటిని ఒక ఉమ్మడి పేరు కిందికి ఎప్పుడూ తేకండి. 40, 100 అనే అంకె పేరులో మొదట్లోనే ఉండాలి, సాఫ్ట్‌వేర్‌లో "దీని బదులు అది" అనే ఆప్షన్ ఆపేయాలి, అరలు దూరంగా ఉండాలి. వీలైతే ఆసుపత్రిలో ఒకే రకం సిరంజి ఉంచండి. మేం వయల్స్, 40 సిరంజిలు మాత్రమే ఉంచుతున్నాం, పెన్ను వాడే పేషెంటుకి పెన్నే.

పది అడిగితే పది అట్టపెట్టెలు దిగాయి

ఆర్డరులో "గ్లౌజులు, 10" అని రాశాం. మా ఉద్దేశం పది చిన్న పెట్టెలు, వాళ్లు పంపింది పది పెద్ద అట్టపెట్టెలు, ఎక్స్‌రే గది ముందు వరండా నిండిపోయి పేషెంట్లు వాటి మీదే కూర్చున్నారు. తప్పు మాదే. చిన్న పెట్టెకి ఒక జీటిన్, అవి పట్టే పెద్ద పెట్టెకి ఇంకో జీటిన్ ఉంటాయి. ఉదాహరణకి చిన్నది 08901234567890 అయితే పెద్దది 18901234567897 కావచ్చు. మొదటి అంకె మారింది, దాంతో లెక్క సరిచూసే చివరి అంకె కూడా మారింది. ఆర్డరులో ఏ పెట్టె కావాలో ఆ నంబరే రాయండి, పక్కనే ఒక్కోదాంట్లో ఎన్నో కూడా. వార్డుకి ఇచ్చేటప్పుడు మాత్రం లెక్క విడి ముక్కల్లోనే ఉండాలి.

స్కానర్ కూయట్లేదు, కూసినా పిచ్చి అంకెలు

చిన్న చదరంలో చుక్కలు చుక్కలుగా ఉండే దాన్ని డేటామ్యాట్రిక్స్ అంటారు. ఎర్ర గీత వేసే పాత లేజర్ స్కానర్ దాన్ని చదవలేదు, అది పాడైందని రిపేరుకి పంపకండి. కెమెరాలా చదివే టూడీ స్కానర్ కొనాలి. గోదారి జిల్లాల చెమ్మకి లేబుల్ ఉబ్బి చెరిగిపోయే బాధ ఎటూ ఉంది, సరుకు దిగిన రోజే స్కాన్ చేసేస్తే సగం బాధ తీరుతుంది.

చదివింది కానీ బ్యాచ్ నంబరు మరీ పొడుగ్గా వచ్చిందంటే ఇంకో కారణం. అందులో వరసగా 01 తరవాత జీటిన్, 17 తరవాత ఎక్స్‌పైరీ, 10 తరవాత బ్యాచ్, 21 తరవాత సీరియల్ నంబరు ఉంటాయి. జీటిన్, ఎక్స్‌పైరీ పొడవు ఎప్పుడూ ఒకటే, బ్యాచ్ పొడవు మాత్రం కంపెనీ ఇష్టం, అందుకని అది ఎక్కడ ఆగిందో చెప్పడానికి కంటికి కనబడని ఒక గుర్తు పెడతారు, గ్రూప్ సెపరేటర్ అంటారు. కీబోర్డులా పనిచేసే స్కానర్లు చాలాసార్లు దాన్ని మింగేస్తాయి, అప్పుడు బ్యాచ్, సీరియల్ అంటుకుపోతాయి. స్కానర్‌తో ఇచ్చిన మాన్యువల్‌లో ఆ గుర్తుని పంపే సెట్టింగ్ ఉంటుంది, అమ్మినవాడికి ఫోన్ చేసి పెట్టించుకోండి.

ఎక్సెల్ సంగతి కూడా. జీటిన్ కొట్టగానే ముందు సున్నా ఎగిరిపోయి 8.9ఈ+12 లాంటిది కనబడుతుంది. ఆ కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా మార్చుకోవాలి. అలా మార్చకుండానే సీఎస్‌వీ ఫైలుగా సేవ్ చేశారంటే అసలు అంకెలు పోయినట్టే, మళ్లీ స్కాన్ చేయడమే.

ఎక్స్‌పైరీ ఒక నెల ముందుకి జరిగింది

పెట్టె మీద జూన్ 2027, కంప్యూటర్లో మే 31. కోడ్‌లో 270600 అని ఉంటుంది. తేదీ చోట 00 ఉంటే ఆ నెల ఆఖరి రోజని అర్థం. అది తెలియని ప్రోగ్రాము "జూన్ సున్నా" అంటే మే ఆఖరు అనుకుంటుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది ఒక్క లైను పని.

ఈ బ్యాచ్ ఎవరికి వెళ్లింది?

నాణ్యత సరిగా లేదని తేలిన మందుల జాబితాని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నెలనెలా బ్యాచ్ నంబర్లతో సహా ఇస్తుంది. మన దగ్గరున్న బ్యాచ్ అందులో కనబడిన రోజు అసలు టెన్షన్ మొదలవుతుంది. చాలా చోట్ల బ్యాచ్‌ని సరుకు దిగేటప్పుడు రాస్తారు, వార్డుకి ఇచ్చేటప్పుడు రాయరు, దాంతో దారి మధ్యలో తెగిపోతుంది. ఇచ్చేటప్పుడు కూడా స్కాన్ చేయాలి. పని చేస్తోందో లేదో తెలియాలంటే ఏదో ఒక బ్యాచ్ అనుకుని, అది ఎక్కడెక్కడికి వెళ్లిందో అరగంటలో తేల్చమని మీ వాళ్లకి చెప్పి చూడండి. మేం మొదటిసారి చేసినప్పుడు సాయంత్రమైంది.

"మా సరుకు మీద కోడ్ లేదండీ" అని డిస్ట్రిబ్యూటర్ అంటే, ముందు అది ఏ సరుకో చూడండి. ప్రభుత్వ మందుల నిబంధనల్లో షెడ్యూల్ హెచ్2 అనే జాబితాలో ఉన్న 300 బ్రాండ్ల మందులకి 2023 ఆగస్టు 1 నుంచి బార్‌కోడో క్యూఆర్ కోడో తప్పనిసరి. బ్యాచ్, ఎక్స్‌పైరీ, లైసెన్స్ నంబరు అందులోనే ఉండాలి. మిగతావాటికి, కోడ్ ఉండి తీరాలని మీరే రేట్ కాంట్రాక్టులో ఒక షరతు పెట్టండి. ఒక్క చిన్న ఆసుపత్రి అడిగితే నవ్వుతారు, అమలాపురం, రాజోలు వైపు నాలుగైదు కలిసి అడిగితే వింటారు.

సరుకు ఏటి అవతల దిగింది

ఒకే పేరుతో రెండు చోట్ల బిల్డింగులున్న వాళ్లకి ఇది మామూలే. బిల్లింగ్ ఆఫీసు అడ్రసుకి లోడు వెళ్లిపోతుంది, ఐస్ పెట్టెలో వచ్చిన వ్యాక్సిన్ సహా. స్థలానికి కూడా 13 అంకెల నంబరుంది, జీఎల్ఎన్ అంటారు, బిల్డింగుకి ఒకటి తీసుకుని ఆర్డరు మీద దించాల్సిన చోటిది రాయండి. అది వచ్చేదాకా పెద్ద అక్షరాలతో రేవు పేరు, పక్కన స్టోరు ఫోన్ నంబరు రాసినా పనవుతుంది.