యూటా కాన్యన్లలో ప్రాచీన శిలాచిత్రాల కోసం నడిచేవారికి

అమెరికాలోని యూటా రాష్ట్రపు ఆగ్నేయ భాగంలో, ఎర్రని ఇసుకరాతిని వాగులు లక్షల ఏళ్లుగా కోసుకుంటూ పోగా ఏర్పడిన కాన్యన్లు ఎన్నో ఉన్నాయి. వందల, వేల ఏళ్ల కిందట అక్కడ బతికిన మనుషులు ఆ రాతిగోడల మీద గీసిన, చెక్కిన బొమ్మలు నేటికీ నిలిచి ఉన్నాయి. అవి ఉన్న గోడ పక్కనుంచే నడిచి వెళ్ళి, ఏమీ కనిపించలేదనుకొని తిరిగి రావడం ఎంతో సులభం. ఎక్కడ ఆగాలో, ఏ వెలుతురులో చూడాలో ముందుగా తెలుసుకొని వెళ్ళాలి.

మొదటిసారి వెళ్ళేవారు బొమ్మలు ఉన్నాయని ఖాయంగా తెలిసిన చోటుకే వెళ్ళి కంటికి అలవాటు చేసుకోవాలి. కాన్యన్‌లాండ్స్ జాతీయ ఉద్యానవనంలోని నీడిల్స్ ప్రాంతానికి వెళ్ళే రోడ్డు పక్కనే ఉన్న న్యూస్‌పేపర్ రాక్ అందుకు తగినది. ఒకే బండ మీద వందలాది చెక్కడాలు, నడక దాదాపు లేకుండానే చూడవచ్చు. ఆ తరువాత, 1971లో అదే కాన్యన్‌లాండ్స్ జాతీయ ఉద్యానవనంలో కలిసిన హార్స్‌షూ కాన్యన్‌కు వెళ్ళవచ్చు. పడమటి అంచునుంచి దిగి, గ్రేట్ గ్యాలరీ అనే గోడ వరకు వెళ్ళి రావడం సుమారు 11 కిలోమీటర్లు. దిగుడు 240 మీటర్ల దాకా ఉంటుంది, తిరిగి వచ్చేటప్పుడు అదంతా ఎక్కాలి. దారిలో మరో మూడు చోట్ల బొమ్మలున్నాయి. వాటిలో హై గ్యాలరీ అనేది, పేరుకు తగ్గట్టే, తల ఎత్తి చూస్తే గాని కనిపించదు. గ్రేట్ గ్యాలరీ చేరాలన్న తొందరలో దానిని దాటిపోవద్దు.

గ్రేట్ గ్యాలరీ ముందు కనీసం ఒక గంట కూర్చోవాలని నా గట్టి అభిప్రాయం. దాదాపు 60 మీటర్ల పొడవున, జేగురు రంగులో, మనిషి ఎత్తు ఆకారాలు వరుసగా నిలబడి ఉంటాయి. చాలావాటికి చేతులు, కాళ్ళు ఉండవు. భుజాల దగ్గర వెడల్పుగా మొదలై కిందికి సన్నబడతాయి. అన్నిటికంటే పెద్దది రెండు మీటర్లకు పైబడి ఉంటుంది. అలవాటు పడిన కంటికి ఆ పెద్ద ఆకారాల మధ్యన ఉన్న చిన్న జంతువుల బొమ్మలు, కొన్ని ఛాతీల మీద రంగును గీకి తీర్చిన సన్నని గీతలు ఒక్కొక్కటిగా తెలుస్తాయి. దీన్ని బ్యారియర్ కాన్యన్ శైలి అంటారు; ఆ కాన్యన్ పాత పేరు అదే. వీటిని ఇంకా చాలా పాతవని ఎంతోకాలం అనుకున్నారు. ఆ గోడ ఎప్పుడు వెలుతురుకు బయటపడిందో, దానిలోంచి ఊడిన బండ ఎప్పుడు పడిందో కొలిచి, ఇవి క్రీ.శ. 1 నుంచి 1100 మధ్య గీసినవని 2014లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది.

సొంతంగా వెతికేటప్పుడు రెండు రకాల గోడలను వేర్వేరుగా చూడాలి. రంగు బొమ్మలు వాన తగలని చోట, అంటే పైన బండ ముందుకు పొడుచుకు వచ్చిన పెద్ద గూళ్ళ కింద నిలుస్తాయి. చెక్కుడు బొమ్మలకు నల్లబడిన గోడ కావాలి. ఇనుము, మాంగనీస్ ఆక్సైడ్లు బంకమట్టితో కలిసి రాతి మీద వేల ఏళ్లపాటు పేరుకొన్న ఆ పలుచని నల్లపూతను ఎడారి వార్నిష్ అంటారు. గట్టి రాయితో ఆ పూతను కొట్టి తీసేస్తే లోపలి లేతరంగు రాయి బయటపడుతుంది. దగ్గరగా చూస్తే ఒక కొమ్ముల గొర్రె బొమ్మ మొత్తం గింజంత చిన్న గుంటల సమూహమని తెలుస్తుంది: పొట్ట భాగంలో గుంటలు దట్టంగా, అంచుల్లో వరుసగా, కొమ్ము చివర ఒకటో రెండో చెదిరి ఉంటాయి. ఆ గుంటలు మళ్ళీ నల్లబడి ఉంటే బొమ్మ పాతదని, తెల్లగా మెరుస్తుంటే కొత్తదని స్థూలంగా అనుకోవచ్చు. గుర్రం మీద మనిషి ఉంటే అది స్పానిష్ వారు ఈ ఖండానికి గుర్రాలను తెచ్చిన తరువాతిదే.

రెండు వాగులు కలిసే చోట, నీటి ఊట దగ్గర, కొండగోడ అడుగున రాళ్ళకుప్ప పైభాగాన తప్పకుండా ఆగి చూడాలి. కింది నేల కోతకు గురైనందువల్ల కొన్ని బొమ్మలు ఇప్పుడు మనిషికి అందనంత ఎత్తున ఉంటాయి; అందుకే బైనాక్యులర్ వెంట ఉండాలి. చెక్కడాలు ఉదయం, సాయంత్రం గోడను ఒరుసుకుంటూ పడే ఏటవాలు ఎండలో స్పష్టంగా లేస్తాయి. మాసిన రంగు బొమ్మలు మాత్రం నీడలోనే బాగా తెలుస్తాయి. వాటిని నీడలో ఫోటో తీసి, తరువాత డీస్ట్రెచ్ అనే సాఫ్ట్‌వేర్‌తో రంగులను విడదీస్తే, కంటికి మరకలా కనిపించినది చెయ్యిగానో పాముగానో తేలవచ్చు.

గోడను తాకకూడదు. చేతి జిడ్డు రంగును, రాతి పూతను పాడుచేస్తుంది. ఫోటోలో బాగా పడాలని సుద్దతో గీతలు దిద్దడం, నీళ్ళు చల్లడం, కాగితం పెట్టి అచ్చు తీయడం ఇవన్నీ విధ్వంసమే. 1979 నాటి పురావస్తు వనరుల రక్షణ చట్టం ప్రకారం ఫెడరల్ భూముల్లో వీటిని పాడుచేస్తే జైలుశిక్ష, జరిమానా పడతాయి. కింద దొరికిన కుండపెంకునూ బాణపు ములుకునూ ఉన్నచోటే వదలాలి. అమెరికా మూలవాసులైన హోపీ, జూనీ తదితర ప్యూబ్లో ప్రజలకు, యూట్ ప్రజలకు ఇవి తమ పూర్వీకుల స్థలాలు. అందువల్ల అంతగా తెలియని చోట్ల జీపీఎస్ వివరాలు ఎవరికీ పంచవద్దని మనస్ఫూర్తిగా కోరుతున్నాను. నడిచేటప్పుడు వాగు ఇసుకలోనో, బండ మీదనో అడుగు వేయాలి. నేలమీద నల్లగా, గడ్డలు గడ్డలుగా కనిపించే పెచ్చు సూక్ష్మజీవులు అల్లిన సజీవమైన పొర, ఒక్క అడుగుకు చితికితే కోలుకోవడానికి దశాబ్దాలు పట్టవచ్చు.

వసంతం, శరత్తు ఈ నడకకు అనువైన కాలాలు. మనిషికి రోజుకు కనీసం 4 లీటర్ల నీరు, దానికి తోడు ఉప్పుగల తిండి కావాలి. జులై నుంచి సెప్టెంబరు వరకు మధ్యాహ్నపు ఉరుములవానలు వస్తాయి. మీ తలపై ఆకాశం నిర్మలంగా ఉన్నా, ఎగువన ఎన్నో కిలోమీటర్ల అవతల కురిసిన వాన ఇరుకు కాన్యన్‌లోకి గోడలా రావచ్చు. వాగు నీరు ఒక్కసారిగా బురదరంగుకు మారినా, హోరు వినిపించినా సామాను వదిలి ఎత్తుకు ఎక్కాలి. ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల ఉండదు గనుక, కాగితపు పటం వెంట ఉంచుకొని, ఎక్కడికి వెళ్తున్నారో ఎప్పటికి తిరిగి వస్తారో ఇంట్లో రాసిచ్చి వెళ్ళాలి. నున్నటి ఇసుకరాతి బండలను ఎక్కడం కంటే దిగడం కష్టం. దిగే దారి కళ్ళకు కనిపించనిదే, పైన ఎంత మంచి గోడ ఊరించినా ఎక్కవద్దు. తెచ్చుకొన్న నీటిలో మూడో వంతును ముట్టకుండా తిరుగు ఎక్కుడు కోసం ఉంచుకోండి.