బోర్డులు చదవడం – 4: లిపి ఎవరిది, మాట ఎవరిది?

హైదరాబాద్ వీధి బోర్డులను బట్టి అక్కడ ఎవరుంటారో, ఏ మాట నడుస్తుందో తెలుసుకునే పాఠాలివి. పోయిన పాఠంలో సర్కారు తగిలించిన బోర్డునీ, దుకాణదారు తన డబ్బుతో రాయించుకున్న బోర్డునీ విడదీయడం నేర్చుకున్నాం. అఫ్జల్‌గంజ్ నుంచి చార్మినార్ దాకా నడిచి ఇరవై బోర్డులు రాసుకురమ్మన్నాను. ఆ పేజీ తీసి పక్కన పెట్టుకోండి. నడవడానికి తీరిక దొరకనివాళ్లు మీ వీధి చివరి నాలుగు బోర్డులతోనైనా మొదలుపెట్టవచ్చు.

మొదట్లో నేనూ చేసిన తప్పు ఒకటుంది. 'తెలుగు' అని ఒక గడి గీసి, తెలుగు అక్షరం కనిపించిన ప్రతి బోర్డుకూ అందులో టిక్కు పెట్టేవాణ్ని. ఇవాళ ఆ గడిని రెండు చేద్దాం. ఒకదాంట్లో లిపి రాయండి, రెండోదాంట్లో మాట.

'బస్తీ దవాఖానా' బోర్డు తీసుకోండి. 2018లో సర్కారు మొదలుపెట్టిన చిన్న ఆసుపత్రులివి. అక్షరాలు తెలుగువి. మాటలు మాత్రం ఉర్దూ నుంచి వచ్చినవి. మరి ఇది ఉర్దూ బోర్డా? కాదు. జ్వరమొస్తే దవాఖానాకు పోయొస్తానని ఇక్కడి తెలుగింట్లో ముసలమ్మ కూడా అంటుంది. 'వైద్యశాల' అని రాసి ఉంటే ఆమెకు అర్థమయ్యేదేగానీ, అది తన కోసం పెట్టిన బోర్డని అనిపించేది కాదు. రెండో గడిలో 'ఉర్దూ' అని రాసి వదిలేయకండి. 'ఉర్దూ నుంచి, ఇప్పుడు ఇక్కడి తెలుగు' అని రాయండి. గడి చిన్నదైతే పక్కన అంచులో రాసుకోండి. నా నోట్‌బుక్కులో అంచులే ఎక్కువ నిండాయి.

ఇప్పుడు చికెన్ సెంటర్. పాతబస్తీలో ఈ బోర్డు మీద పైన తెలుగు అక్షరాలు, కింద ఉర్దూ అక్షరాలు, పక్కన ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి. మూడు భాషల బోర్డు అని రాసేసి ఉంటారు. గట్టిగా చదివి చూడండి. మూడుచోట్లా 'చికెన్ సెంటర్' అనే ఉంది. లిపులు మూడు, మాట ఒక్కటే. కొనేవాళ్లందరి నోట్లో ఆ మాట ముందే ఉంది. దుకాణదారుకు అనువాదంతో పని లేదు, ఎవరి కంటికి అలవాటైన అక్షరాల్లో వాళ్లకు చూపిస్తే చాలు.

ఇక్కడొక జాగ్రత్త. దుకాణాల చట్టం కింది నిబంధనల ప్రకారం పేరు బోర్డు మీద తెలుగు ఉండాలి, వేరే భాషలుంటే అవి తెలుగు కింద రావాలి. ఉర్దూ 2017లో తెలంగాణ అంతటికీ రెండో అధికార భాష అయింది. అంటే దుకాణం మీది తెలుగు, సర్కారు బోర్డు మీది ఉర్దూ ఆ వీధిలో ఎవరున్నారో చెప్పే సాక్ష్యాలు కావు. చట్టం అడిగింది కాబట్టి ఉన్నాయి. అడగకుండా వచ్చిన అక్షరం దగ్గర ఆగండి. ఒక దర్జీ, ఎవరూ బలవంతపెట్టకపోయినా, పెయింటరుకు అదనంగా డబ్బిచ్చి ఉర్దూలో ఒక వరుస రాయించుకున్నాడంటే, ఆ వరుస చదివి లోపలికి వచ్చేవాళ్లు ఉన్నారని అతని లెక్క.

పేర్ల సంగతి ఇంకా బాగుంటుంది. మనం 'నయాపూల్', 'పురానాపూల్' అని రాస్తాం. ఉర్దూలో వంతెన 'పుల్', హ్రస్వం. మనం దీర్ఘం ఇచ్చేసరికి అది 'ఫూల్' పక్కకు, అంటే పువ్వు పక్కకు జరిగింది. 1578 నాటి రాతి వంతెన పురానాపూల్ ఇలా పూలదండయింది. దీన్ని తప్పని కొట్టేయకండి. తెలుగు చెవి ఆ పేరును ఎలా వింటూ వచ్చిందో ఆ దీర్ఘంలో దాగి ఉంది. ఇంగ్లిష్ అక్షరాల్లో మాత్రమే చదివి కోఠిని 'కోటి' అని పలికేవాళ్ల సంగతీ అంతే. ఆ పేరు వాళ్లకు చెవి ద్వారా కాదు, కంటి ద్వారా అందింది.

ఇక చాలామందికి బెరుకు పుట్టించే చోటుకు వద్దాం. కుడి నుంచి ఎడమకు రాసిన బోర్డు ఉర్దూనా, అరబ్బీనా? రెండూ రాకపోయినా చెప్పవచ్చు. ఉర్దూ మాటలు చాలావరకు పై కుడి మూల నుంచి కింది ఎడమకు జారుతున్నట్టు ఉంటాయి. అరబ్బీ గీత మీద తిన్నగా కూర్చుంటుంది. కంప్యూటర్ ఉర్దూ కూడా ఒక్కోసారి తిన్నగానే వస్తుంది కాబట్టి వాలు ఒక్కదాన్నే నమ్మకండి. ట, డ, డబ్బాలో డ కాకుండా 'బడా'లో వచ్చే గరుకు డ, ఈ మూడు ధ్వనులకు ఉర్దూలో అక్షరం నెత్తిన బుల్లి గుర్తు ఉంటుంది: నిలువు కర్ర, దాని అడుగున చిన్న ముడి. అరబ్బీలో ఆ ధ్వనులూ లేవు, ఆ గుర్తూ లేదు. ప, చ అక్షరాల కింద మూడు చుక్కలుంటే అదీ ఉర్దూకే ఓటు. మాటల మొదట్లో పదే పదే జంట నిలువుగీతలు ('అల్'), చివర రెండు చుక్కలు నెత్తిన పెట్టుకున్న గుండ్రటి అక్షరం కనిపిస్తే అరబ్బీ అనుకోండి.

గుర్తుపట్టాక తొందరపడకండి. బంజారాహిల్స్‌లో ఒక పెద్ద ఆసుపత్రి లోపల అరబ్బీ బోర్డు చూసి, చుట్టుపక్కల అరబ్బులు ఉంటారని నేను నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఆ బోర్డు ఒమన్, సూడాన్, యెమెన్ లాంటి దేశాల నుంచి వైద్యానికి విమానంలో వచ్చి పోయేవాళ్ల కోసం. నిజంగా అరబ్బు మూలాలున్నవాళ్లు తరతరాలుగా ఉన్నది పాతబస్తీకి దక్షిణాన ఉన్న బార్కాస్ పేటలో. నిజాం కొలువులో సైనికులుగా యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్ల సంతతి. అక్కడ వీధిలో ఎక్కువగా వినిపించేది దక్కనీ ఉర్దూ. ఆ పేటకు పేరిచ్చింది ఇంగ్లిష్ 'బ్యారక్స్'! ఆ మాట నోళ్లలో నలిగి బార్కాస్ అయి, అదే రూపంలో మళ్లీ ఇంగ్లిష్ అక్షరాల్లోకి ఎక్కింది. మొదటి గడిలో, రెండో గడిలో ఏం రాస్తారో మీరే తేల్చుకోండి. నేను మూడోసారి కొట్టేసి రాశాను.

నాగరి లిపికి ఒక్క చిట్కా చాలు. హిందీ బోర్డుల్లో 'ళ' రాదు, మరాఠీలో వస్తుంది, పడుకోబెట్టిన ఎనిమిది అంకెలా ఉంటుంది. పైన గీత లేని నాగరిలా కనిపించేది గుజరాతీ.

వచ్చే పాఠానికి పని: కోఠి నుంచి కాచిగూడ దాకా నడవండి. 1907లో మొదలైన మరాఠీ విద్యాసంస్థ వివేకవర్ధిని, కన్నడ బడి నృపతుంగ ఆ చుట్టుపక్కలే. వాటి గేటు బోర్డులు రెండు గడుల్లో రాయండి. తర్వాత మీ ఇంటి దగ్గర కడుతున్న ఏదైనా అపార్టుమెంటుకు వెళ్లి, అక్కడ పనిచేసేవాళ్లు ఏ భాషలో మాట్లాడుకుంటున్నారో కాసేపు వినండి. ఒడియా కావచ్చు, బెంగాలీ కావచ్చు. ఆ లిపిలో ఆ వీధి మొత్తం మీద ఎన్ని బోర్డులున్నాయో లెక్కపెట్టండి. సున్నా వచ్చినా పేజీలో రాయండి. అయిదో పాఠం ఆ సున్నాతోనే మొదలవుతుంది.