నారోబోట్‌కు రంగు వేయిస్తున్నారా? ఒడ్డెక్కే ముందు చూసుకోవలసినవి

ఇంగ్లండ్ కాలువల మీద నారోబోట్ కొనుక్కుని అందులోనే కాపురం ఉండేవాళ్లకు ఎనిమిది, పదేళ్లకోసారి తప్పని పని పైరంగులు వేయించడం. ఏడడుగుల వెడల్పు, యాభై అరవై అడుగుల పొడవు ఉన్న ఉక్కు పెట్టె అది. క్యాబిన్ గోడల రేకు మందం మామూలుగా 4 మిల్లీమీటర్లే. రంగు లేచిన చోట తుప్పు మొదలైతే కిటికీ ఫ్రేముల కింద దూరి, బయటికి కనిపించకుండా తినేస్తూ పోతుంది. అందుకని వేయించక తప్పదు. అయితే సంక్రాంతికి ఇంటికి సున్నం కొట్టించినట్టు ఈ గదిలో సామాను ఆ గదిలోకి జరుపుకుంటూ గడిపేద్దామంటే ఇక్కడ కుదరదు. కొన్ని వారాలు ఒడ్డున ఉండాలి. చాలామంది ఏ రంగు, ఎంత ఖర్చు అని నెలల తరబడి తర్జనభర్జన పడతారు. తాము దిగిపోయాక బోటు ఒంటరిగా ఎలా ఉంటుందన్నది మాత్రం సంచులు సర్దుకునే రోజు గుర్తొస్తుంది. నన్నడిగితే డబ్బూ ప్రాణమూ పోయే అవకాశమంతా ఆ రెండో సంగతిలోనే ఉంది.

ఏ నెలలో

ఇనుము మీద రంగుకు చలి కంటే తేమ పెద్ద శత్రువు. రాత్రికి రేకు చల్లబడి, దాని మీద కంటికి ఆనని మంచు పొర కడుతుంది. దాని మీద వేసిన రంగు ఆరు నెలలకో ఏడాదికో పొక్కులు లేస్తుంది. గాలిలో తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత కంటే రేకు కనీసం 3 డిగ్రీలు వెచ్చగా ఉండాలనీ, తేమ 85 శాతం దాటకూడదనీ పెయింటర్లు పట్టుబట్టేది అందుకే. ఆరుబయట పని అయితే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు లోపే పెట్టుకోవాలి. అప్పుడు కూడా తెలిసిన పెయింటరు మెరుపునిచ్చే పైపూత (గ్లాస్ కోటు) మధ్యాహ్నానికల్లా ముగించేస్తాడు. సాయంత్రం మంచు పడేలోగా పైపొర ఆరకపోతే మెరుపంతా పోయి పాలిపోయినట్టు తయారవుతుంది. మూడింటికి బ్రష్ కడిగేస్తున్నాడని బద్ధకస్తుడనుకోకండి.

పైకప్పు ఉండి లోపల వెచ్చగా ఉంచే డాక్‌లో (బోటును లోపలికి తెచ్చి పని చేసే షెడ్డులో) అయితే శీతాకాలంలోనూ చేస్తారు. కానీ అక్కడికి చేరడమూ, తిరిగి రావడమూ వేరే సమస్య. కాలువల నిర్వహణ చూసే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ లాకుల మరమ్మతులు ఎక్కువగా నవంబరు నుంచి మార్చి మధ్య పెట్టుకుంటుంది. గోదావరి జిల్లాల్లో కాలువలు కట్టేసే రోజులు తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. మీకూ రంగు వేసే యార్డుకూ మధ్య ఒక్క లాకు మూసినా, రంగు ఆరిన బోటు అక్కడే ఉంటుంది, మీరు అద్దె గదిలోనే ఉంటారు. ఆ ఏడాది మూసివేతల పట్టిక చూసుకున్నాకే తేదీ ఖాయం చేసుకోండి.

ఇంకొకటి. మీకు స్థిరమైన మూరింగ్ (బోటు కట్టేసుకునే సొంత చోటు) లేకుండా తిరుగుతూ ఉండే లైసెన్స్ ఉంటే, సాధారణంగా ఒక చోట 14 రోజులకు మించి ఉండకూడదు. పెయింటరు దగ్గర మీ వంతు వెనక్కి జరిగి, బోటు గట్టు పక్కన ఎదురుచూస్తున్నా ఆ లెక్క నడుస్తూనే ఉంటుంది. గడువు దాటాక సంజాయిషీ చెప్పుకునే కంటే ముందే ట్రస్ట్‌కు ఫోన్ చేసి పరిస్థితి చెప్పడం నయం.

కాగితాలు

పెయింటరుతో మాట నోటితో సరిపెట్టుకోకండి. ప్రైమరు ఎన్ని పూతలు, అండర్ కోటు ఎన్ని పూతలు, గ్లాస్ కోటు ఎన్ని పూతలు. కిటికీలు, పైకప్పు మీది పుట్టగొడుగు ఆకారపు గాలి గొట్టాలు, సోలార్ పలకలు ఎవరు విప్పుతారు, ఎవరు బిగిస్తారు. కిటికీ విప్పాక కింద రేకు చిల్లులు పడి ఉంటే ఆ ఖర్చు ఎలా తేలుస్తారు, ఇవన్నీ రాసుకోవాలి. చివరిదే ముఖ్యం. పాత బోట్లలో కిటికీలు విప్పితే తప్ప అసలు రోగం బయటపడదు. కిటికీలు విప్పకుండా చుట్టూ టేపు అంటించి రంగేస్తానన్న చవక బేరం నాకు బేరంలా కనిపించదు.

ఇన్సూరెన్స్ కంపెనీకి రెండు ప్రశ్నలు రాసి, జవాబు రాతలోనే తెప్పించుకోండి. ఇన్ని వారాలు ఎవరూ ఉండని బోటుకు పాలసీ వర్తిస్తుందా? గ్రైండింగ్, వెల్డింగ్ జరిగితే వర్తిస్తుందా? యార్డుకు తన అధీనంలో ఉన్న బోట్లకు వర్తించే సొంత బీమా ఉందో లేదో కూడా కాగితం చూసి తెలుసుకోండి. నాలుగేళ్లకోసారి తీసుకోవాల్సిన బోట్ సేఫ్టీ సర్టిఫికెట్ గడువు ఈ మధ్యలోనే ముగుస్తుందేమో చూడండి. అదీ, బీమా లేకుండా లైసెన్స్ రెన్యువల్ జరగదు.

ఒడ్డున గది వెతికేటప్పుడు మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో "నెల రోజులకు గది కావాలి" అంటే దొరకొచ్చు. కానీ ఇంగ్లండ్‌లో ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు, ఇంట్లో ఒక గది ఇచ్చేవాళ్లు కూడా అద్దెకుండేవాళ్లకు ఇక్కడ ఉండే హక్కు ఉందో లేదో చూడాలి. వీసా మీద ఉన్నవాళ్లు ఆ హక్కును ఆన్‌లైన్‌లో చూపించే షేర్ కోడ్ సిద్ధంగా పెట్టుకోండి. పెయింటరు చెప్పిన తేదీని నమ్మి గది అదే రోజు ఖాళీ చేస్తానని మాటివ్వకండి. వాన పడితే పని ఆగుతుంది, తుప్పు బయటపడితే ఇంకా ఆగుతుంది. వారం వారం పొడిగించుకునే ఏర్పాటు ఉండాలి. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చే నెలలో మాత్రం ఈ పని పెట్టుకోనే వద్దు.

బోటులోనే పడుకుంటే ఏమవుతుంది?

అద్దె మిగులుతుందని పగలు పెయింటరు పని చేసుకుంటుంటే రాత్రి వచ్చి పడుకుందామనుకునేవాళ్లు ఉంటారు. వద్దు. రంగు వేసేటప్పుడు గాలి గొట్టాలకు, తలుపు సందులకు టేపు వేస్తారు, పాలిథిన్ కప్పుతారు. ఆ గొట్టాలే చలి కాచుకునే బొగ్గు స్టవ్‌కూ వంట గ్యాసు పొయ్యికీ కావాల్సిన గాలినిచ్చేవి. అవి మూసి ఉండగా స్టవ్ వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి వాసన ఉండదు, నిద్రలో తెలియదు. కాపురానికి వీలున్న బోట్లలో ఈ వాయువును పసిగట్టే అలారం 2019 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి చేసింది ఊరికే కాదు. అయితే అలారం ఉంది కదా అని మూసిన బోటులో నిప్పు పెట్టడం తెలివి కాదు.

దానికి తోడు పెయింటు, తిన్నరు ఆవిర్లు. ఇవి గాలి కంటే బరువు. కిందికి దిగి క్యాబిన్ నేల మీద, దాని కింది బిల్జిలో చేరతాయి. గ్యాసు గీజరు పైలట్ మంట ఒక్కటి చాలు. కాబట్టి దిగేటప్పుడు పొయ్యి నాబ్ తిప్పి ఊరుకోకుండా, ముందు భాగంలో ఉండే గ్యాస్ లాకర్‌లోకి వెళ్లి సిలిండర్ దగ్గరే కట్టేయండి. పెయింటర్లు లిన్‌సీడ్ (అవిసె) నూనె తుడిచిన గుడ్డల్ని ఉండగా చుట్టి మూల పడేస్తే అవి వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. వాటిని విప్పి బయట ఆరేయాలి, లేదా నీళ్లలో నానబెట్టాలి. సొంతంగా కొంత పని చేసుకునేవాళ్లు ఇది మరీ మరీ గుర్తుంచుకోవాలి.

టూ-ప్యాక్ పెయింటు, అంటే రెండు డబ్బాలు కలిపి వాడే రంగు గురించి ఒక మాట. అద్దంలా మెరుస్తుంది, చాలాకాలం ఉంటుంది. కానీ పాలీయురేథేన్ టూ-ప్యాక్‌లలో ఐసోసైనేట్లు ఉంటాయి. అవి పీలిస్తే జీవితాంతం వదలని ఆస్తమా రావచ్చు. స్ప్రే చేసేవాళ్లకు బయటి నుంచి గాలి అందించే మాస్కు కావాలి. మందుల షాపులో దొరికే మాస్కు ఎందుకూ కొరగాదు. ఇది నిపుణుల చేతిలో, దానికని కట్టిన షెడ్డులో మాత్రమే జరగాలి. పిల్లల్ని "చూద్దాం రండి" అని తీసుకెళ్లే పని కాదు. బాగా పాత బోటైతే అడుగు పొరల్లో సీసం కలిసిన రంగులుండొచ్చు. గీకే ముందు పరీక్ష చేయించాలి, పొడిగా సాండింగ్ చేయకూడదు.

వెల్డింగ్ అవసరమైతే ఇంకా పెద్ద జాగ్రత్త. నారోబోట్ గోడ రేకుకూ లోపలి చెక్కకూ మధ్య చలి ఆపడానికి స్ప్రే ఫోమో పాలిస్టిరీన్ పలకలో ఉంటాయి. బయట వెల్డింగ్ చేస్తే ఆ వేడి లోపలికి దిగి ఫోమ్ రాజుకుంటుంది. పాలీయురేథేన్ ఫోమ్ పొగలో కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సయనైడ్ ఉంటుంది. "చిన్న ప్యాచే కదా" అన్న మాట విని ఊరుకోవద్దు. ఆ చోట లోపలి చెక్క, ఫోమ్ తీసేయాలి. లోపల ఒక మనిషి నీళ్ల బకెట్టు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్‌తో కూర్చోవాలి. పని అయ్యాక కూడా కొంతసేపు కాపలా ఉండాలి.

ఖాళీ బోటును వదిలేటప్పుడు

ఇల్లు తాళం వేసి వెళ్లొచ్చు. నీళ్లలో ఉన్న బోటును అలా వదలలేం. చాలా పెయింటు షెడ్లు తడి డాక్‌లే, అంటే బోటు కప్పు కింద నీళ్లలోనే తేలుతూ ఉంటుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ బయటికి వెళ్లే చోట ఉండే స్టెర్న్ గ్లాండ్ నుంచి చుక్క చుక్క నీరు కారడం మామూలే. ఆ నీటిని బిల్జి పంపు తోడుతుంది, పంపును బ్యాటరీ నడుపుతుంది, బ్యాటరీని సోలార్ పలకలు నింపుతాయి. రంగు కోసం పలకలు విప్పేశారంటే ఈ గొలుసు తెగినట్టే. వెళ్లే ముందు స్టెర్న్ గ్లాండ్‌లోకి గ్రీజు ఎక్కించి కారడం ఆపండి. యార్డు కరెంటు తీగ పెట్టించి, అది ప్లగ్గులో ఉందో లేదో మధ్య మధ్యలో వచ్చి చూడండి. గ్రైండరుకు ప్లగ్గు కావాలని మీ తీగ పీకేసి మళ్లీ పెట్టడం మరిచిపోవడం యార్డుల్లో జరిగేదే. లెడ్ యాసిడ్ బ్యాటరీలు రోజుల తరబడి ఖాళీగా ఉంటే మళ్లీ కోలుకోవు కూడా. పలకలు విప్పేటప్పుడు సోలార్ ఛార్జింగ్ కంట్రోలర్ నుంచి ముందు పలకల తీగలు, తర్వాతే బ్యాటరీ తీగలు తీయాలి. బిగించేటప్పుడు బ్యాటరీ ముందు.

అక్టోబరు దాటాక అయితే నీళ్ల గొట్టాలు ఖాళీ చేయాల్సిందే. గడ్డకట్టిన నీరు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. మొదట పగిలేవి షవర్ మిక్సరు, నీళ్ల పంపు, గీజరు, అన్నీ ఖరీదైనవే. కుళాయిలు విప్పి వదలండి, షవర్ నాబ్ వేడికీ చల్లకూ మధ్యలో ఉంచండి, ఇంజన్‌లో యాంటీఫ్రీజ్ చూడండి. టాయిలెట్ క్యాసెట్ కడిగేసి వెళ్లండి, ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదనుకుంటాను.

పరుపులు, దుప్పట్లు, బట్టలు, బియ్యం, పప్పులు ఒడ్డుకు తెచ్చేసుకోండి. ఫోమ్ పరుపు తిన్నరు వాసన పీల్చుకుంటే నెలలకీ వదలదు. పోపుల డబ్బా కూడా తెచ్చుకోండి. సాండింగ్ దుమ్ము ఎక్కడికైనా చేరుతుంది.

పనిలో పని

బోటు నీళ్ల నుంచి పైకి లేపే పనైతే అడుగు భాగానికి బ్లాకింగ్ (తుప్పు పట్టకుండా వేసే నల్లటి పూత) కూడా కలిపి చేయించండి. తారు బ్లాకింగ్ రెండు మూడేళ్లకోసారి ఎలాగూ వేయించాలి. బోటు పొట్ట (నీళ్లలో మునిగే భాగం) మందం అల్ట్రాసౌండ్‌తో కొలిపించే సర్వే కూడా అప్పుడే. పొట్ట రేకు 4 మిల్లీమీటర్ల కంటే పలచబడితే ఇన్సూరెన్స్ కంపెనీలు మొహం చిట్లిస్తాయి. పొట్ట ఉక్కు బదులు తామే తుప్పుకు అరిగిపోయే మెగ్నీషియం ఆనోడ్లు అరిగి ఉంటే మార్పించండి. వాటి మీద మాత్రం రంగు వేయనివ్వకండి. రంగు పడితే అవి పనిచేయవు.

రంగు విషయంలో నా మాట ఒకటే: పైకప్పుకు లేత రంగు. ముదురు నీలం కప్పు ఫొటోలో బాగుంటుంది, జులైలో లోపల పడుకోలేరు.

తిరిగి ఎక్కేటప్పుడు

లోపలికి వెళ్లగానే స్టవ్ వెలిగించకండి. గాలి గొట్టాలన్నీ ఒక్కొక్కటిగా తడిమి, టేపు మిగల్లేదని చూసుకోండి. అలారం బటన్ నొక్కి మోగించండి. తలుపులు తీసి ఒకటి రెండు రోజులు గాలి ఆడనిచ్చి, అప్పుడు పరుపులు చేర్చండి. పైకి లేపిన బోటును నీళ్లలోకి దించితే క్రేన్ వాళ్లు వెళ్లకముందే బిల్జిలో చేయి పెట్టి చూడండి. వీడ్ హ్యాచ్ (ప్రొపెల్లరుకు చుట్టుకున్న నాచు తీసే కంత) మూత సరిగా బిగించి ఉందో లేదో కూడా అప్పుడే.

గట్టిగా ఉన్నట్టు కనిపించినా రంగు పూర్తిగా బిగియడానికి కొన్ని వారాలు పడుతుంది. అప్పటిదాకా కప్పు మీద బొగ్గు బస్తాలు, రబ్బరు చాపలు, పూలకుండీలు పెట్టొద్దు. ప్రెషర్ వాషర్ అసలే వద్దు, చన్నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. కొత్త రంగు మీద ప్రేమతో ఫెండర్లు (గోడకు రాసుకోకుండా పక్కన కట్టే మెత్తలు) వేలాడదీసి ఇరుకు లాకుల్లోకి వెళ్లకండి. ఏడడుగుల సందులో అవి ఇరుక్కుని, నీరు దిగుతుంటే బోటు ఒక పక్కకు వేలాడిపోతుంది. గీత పడితే పడనివ్వండి. పెయింటరు దగ్గర మిగిలిన డబ్బా అడిగి తెచ్చుకుంటే దిద్దుకోవచ్చు.

పక్కన పేరు తెలుగులో రాయించాలని సరదా ఉంటే, సైన్ రైటరుకు అక్షరాలు అసలు సైజులో అచ్చు వేసి ఇవ్వండి. ఒత్తు ఏదో నీడ ఏదో ఆయనకు తెలియదు. పేరు ఏ లిపిలో ఉన్నా బోటు రిజిస్ట్రేషన్ నంబరు మాత్రం గట్టు మీది నుంచి చదివేలా మళ్లీ రాయించాలి. పేరే మారిస్తే ట్రస్ట్‌కూ, ఇన్సూరెన్స్ కంపెనీకీ అదే రోజు మెయిల్ పెట్టేయండి.