పుట్టుకతో వచ్చే పౌరసత్వం, రాష్ట్రపతి పదవికి అర్హత: తేల్చుకునే విధానం

దేవరకొండలోనో వనపర్తిలోనో ఒక తాత, అమెరికాలో పుట్టిన మనవడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని "మా వాడు రాష్ట్రపతి అవుతాడు" అని మురిసిపోతే, ఆ మాట ఏ దేశానికి వర్తిస్తుందో చట్టం చూసి చెప్పవచ్చు. అందుకు మూడు సంగతులు వరుసగా తెలుసుకోవాలి: బిడ్డ పుట్టిన తేదీ, పుట్టిన చోటు, ఆనాటికి తల్లిదండ్రుల పౌరసత్వం.

ముందుగా తేదీ చూడండి. 1955 నాటి పౌరసత్వ చట్టం ప్రకారం 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 వరకు భారతదేశంలో పుట్టినవారు, విదేశీ దౌత్యవేత్తల పిల్లల వంటి కొద్ది మినహాయింపులు తప్ప, తల్లిదండ్రులు ఎవరైనా సరే పుట్టుకతోనే పౌరులు. 1987 జులై 1 నుంచి 2004 డిసెంబర్ 2 వరకు పుట్టినవారికి తల్లిదండ్రులలో కనీసం ఒకరైనా అప్పటికి భారత పౌరులై ఉండాలి. 2004 డిసెంబర్ 3 నుంచి పుట్టినవారి విషయంలో ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. అందువల్ల ఒకే ఇంట్లో అన్నకు వర్తించే నియమం చెల్లెలికి వర్తించకపోవచ్చు.

మన నల్లగొండ, పాలమూరు పెద్దల సంగతి వేరుగా చూడాలి. వారిలో చాలామంది నిజాం పాలనలోని హైదరాబాద్ రాజ్యంలో పుట్టారు. 1948 సెప్టెంబర్‌లో ఆ రాజ్యం భారతదేశంలో కలిసింది. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చినప్పుడు, ఇక్కడే స్థిరనివాసం ఉండి ఈ గడ్డపై పుట్టినవారిని 5వ అధికరణం పౌరులుగా గుర్తించింది. 1897లో హైదరాబాద్‌లో పుట్టిన జాకిర్ హుస్సేన్ మన మూడవ రాష్ట్రపతి అయ్యారు. 1958లో పుట్టిన ద్రౌపది ముర్ము కంటే ముందు రాష్ట్రపతులుగా ఎన్నికైన వారందరూ రాజ్యాంగం అమలులోకి రాకముందే పుట్టినవారు.

విదేశంలో పుట్టిన బిడ్డ విషయంలో తొందరపడకూడదు. 2004 డిసెంబర్ 3 నుంచి బయటి దేశంలో పుట్టిన బిడ్డకు వంశపారంపర్యంగా మన పౌరసత్వం రావాలంటే, తల్లిదండ్రులలో ఒకరు భారత పౌరులై ఉండటంతో పాటు, ఏడాదిలోగా అక్కడి భారత కాన్సులేట్‌లో జననాన్ని నమోదు చేయించాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. బిడ్డకు వేరే దేశపు పాస్‌పోర్టు లేదని కూడా రాసి ఇవ్వాలి. అమెరికాలో పుట్టిన మన పిల్లలలో ఎక్కువమంది అక్కడి పాస్‌పోర్టు తీసుకుని, మనకు సంబంధించి ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుతో ఉంటారు. ఓసీఐ కార్డు పౌరసత్వం కాదు. అది ఉన్నవారికి ఓటు హక్కు లేదు, రాష్ట్రపతి పదవికి అర్హత లేదు.

ఇప్పుడు పదవి సంగతి. మన రాజ్యాంగపు 58వ అధికరణం రాష్ట్రపతి అభ్యర్థి భారత పౌరుడై, 35 ఏళ్లు నిండి, లోక్‌సభకు ఎన్నికయ్యే అర్హత కలిగి, ప్రభుత్వం కింద లాభదాయక పదవిలో లేకుండా ఉండాలని అడుగుతుంది. పౌరసత్వం పుట్టుకతో వచ్చిందా, నమోదుతో వచ్చిందా అని అడగదు. ఇది మన రాజ్యాంగ నిర్మాతల పెద్ద మనసుకు గుర్తు అని నేను నమ్ముతాను. అమెరికా రాజ్యాంగం మాత్రం అధ్యక్షుడు పుట్టుకతోనే పౌరుడై ఉండాలని, 35 ఏళ్ల వయసు, 14 ఏళ్ల నివాసం కావాలని చెబుతుంది. కాబట్టి మిర్యాలగూడ నుంచి వెళ్లి అక్కడి పౌరసత్వం తీసుకున్న తండ్రి అమెరికా అధ్యక్షుడు కాలేడు. అక్కడ పౌరుడిగానే పుట్టిన కొడుకు కాగలడు. అదే కొడుకు పెద్దయ్యాక ఆ పౌరసత్వం వదులుకుని చట్ట ప్రకారం భారత పౌరుడైతే, ఇక్కడ రాష్ట్రపతి పదవికి పోటీ చేయడానికి పుట్టిన చోటు అడ్డు కాదు. తాత్కాలిక వీసాలపై ఉన్నవారి పిల్లలకు అమెరికా పౌరసత్వాన్ని పరిమితం చేస్తూ 2025 జనవరిలో అక్కడి అధ్యక్షుడు ఇచ్చిన ఉత్తర్వుపై కోర్టులలో వ్యాజ్యాలు నడిచాయి కనుక, ఆ తర్వాత పుట్టిన బిడ్డ విషయంలో తాజా స్థితిని కనుక్కోండి.

అన్నిటికంటే ముఖ్యమైనది కాగితం. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టమే చెబుతుంది. పుట్టిన తేదీని, చోటును, తల్లిదండ్రుల పేర్లను ఒకేచోట చూపేది జనన ధ్రువపత్రం. పుట్టిన 21 రోజులలోగా గ్రామంలో పంచాయతీ వద్ద, పట్టణంలో మున్సిపాలిటీ వద్ద నమోదు చేయించాలి. ఏడాది దాటితే ఆర్డీవో స్థాయి అధికారి ఉత్తర్వు కావలసి వస్తుంది.

పాలమూరు వలస కూలీల పిల్లల గురించి నాకు ఎక్కువ బెంగ. తల్లి పుణెలోనో ముంబైలోనో పని చేసే చోట ప్రసవిస్తే, జననాన్ని ఆ ఊరిలోనే నమోదు చేయాలి. సొంత ఊరికి తిరిగి వచ్చి పంచాయతీలో అడిగితే ఇవ్వలేరు. ఆ బిడ్డకు రాష్ట్రపతి భవన్‌పై ఉన్న హక్కు ఢిల్లీలో పుట్టిన బిడ్డకు ఉన్నదానికి రవ్వంత కూడా తక్కువ కాదు. అందుచేత పని ముగించుకుని బయలుదేరే ముందే, ఆసుపత్రి చీటీ పట్టుకుని అక్కడి మున్సిపల్ కార్యాలయానికి వెళ్లి పత్రం తీసుకోండి. 2004 తర్వాత పుట్టిన పిల్లలకు తల్లిదండ్రుల పౌరసత్వమే ఆధారం కనుక మీ పత్రాలను కూడా అదే సంచిలో ఉంచండి. 2016 జిల్లాల విభజనకు ముందు వనపర్తిలో పుట్టినవారి పత్రంలో మహబూబ్‌నగర్ అని, సూర్యాపేటలో పుట్టినవారి పత్రంలో నల్లగొండ అని ఉండటం సహజమే. పౌరసత్వానికి దానివల్ల ఏ లోపమూ రాదు.